దొరికిన కార్డు

నేను ఒక క్రెడిట్ కార్డును. పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, వెడల్పు ఐదున్నర, బరువు ఐదు గ్రాములు. రంగు నలుపు. చూసినవాళ్లు నన్ను ఖరీదైనదనుకోవాలని ఆ రంగు వేశారు. నన్ను తయారు చేయడానికి హోటల్లో ఒక దోసెకి అయ్యేంత కూడా కాలేదు.

నేను ఒక విషయం చెప్పుకోవాలి. సిగ్గుపడే విషయం. తిన్నగా అక్కడికే వెళ్లవచ్చు. కానీ నేను ఎలా పుట్టానో, ఎవరి చేతిలోకి ఎందుకు వచ్చానో చెప్పకుండా అది చెబితే తప్పంతా ఒక కుర్రవాడి మీదకి పోతుంది. అది న్యాయం కాదు. అందులో నా వాటా నాకుంది.

ఢిల్లీ అవతల ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ రేకుల్ని పొరలుగా పేర్చి, వేడి మీద అదిమి, ఒక్కో రేకు నుంచి నలభై ఎనిమిది కార్డులు కోశారు. నా పొట్టలో గుంట తవ్వి చిప్పు అతికారు. అప్పటికి నాకు పేరు లేదు. పేరు లేనిదానికి సిగ్గు ఉండదు. పన్నెండు రోజుల తరువాత ఇంకో మిషను నా మీద బండ్ల గిరీష్ అని పొడిచింది. అక్కడి నుంచి అతని పరువు నాదయింది, నా పరువు అతనిదయింది.

గిరీష్‌కి అప్పుడు ఇరవై మూడేళ్లు. ఊరు అనకాపల్లి. కెమిస్ట్రీ చదివి, పరవాడ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాడు. జీతం ఇరవై నాలుగు వేలు. మాత్రల్ని నలిపి, కరిగించి, డబ్బా మీద రాసినంత మందు లోపల ఉందో లేదో తేల్చడం అతని పని. ఒక అంకె రాస్తే మూడుసార్లు చూసుకుంటాడు. ఆ అలవాటు గురించి తరువాత చెబుతాను. అది అతనికి ఒక్క చోట మాత్రం ఉపయోగపడలేదు.

అతని తండ్రి లోవరాజు వంట మేస్త్రి. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి, దినాలకి వండుతాడు. ఐదొందల మంది వంటకి ఉప్పు నాలుక మీద వేసుకుని చూడడు. ఆవిరి వాసన పట్టి చెబుతాడు. వంటవాళ్ల తిండి ఆఖరి పంక్తి లేచాక, గుండిగలు కడగడానికి వేశాక, నిలబడి. ముప్పై ఏళ్లుగా అంతే. చుట్టాలు పెళ్లికి పిలిచినా ఆయన కాళ్లు వంటపాక వైపే వెళ్తాయి. అక్కడివాళ్లు కూడా, "లోవరాజూ, సమయానికొచ్చావు, ఆ సాంబారు ఓసారి చూసీ" అంటారు. ఆయన చూస్తాడు. పంక్తిలో ఆయన కోసం వేసిన ఆకు ముందు ఇంకెవరో కూర్చుంటారు.

తండ్రిని ఒకచోట కూర్చోబెట్టి, ఆయన వండని తిండి ఆయన ముందు పెట్టించాలని గిరీష్‌కి చిన్నప్పటి నుంచి ఉంది. ఇది అతను ఎవరితోనూ అనలేదు. నన్ను ఎంచుకున్న రోజు తప్ప.

ఉద్యోగంలో చేరిన వారానికి సీనియరు ఫణికుమార్ అతన్ని అడిగాడు, మీ నాన్నగారేం చేస్తారని. గిరీష్ "కేటరింగండి" అన్నాడు. "ఓహో, బిజినెస్సా!" అన్నాడు ఫణికుమార్. గిరీష్ అవుననలేదు. కాదని కూడా అనలేదు. మనుషులు అబద్ధం ఆడకుండానే అబద్ధం నిలబెట్టగలరని నాకు తరువాత అర్థమైంది.

జీతాలు పడే రోజున క్యాంటీను గుమ్మం పక్కన ఒక బల్ల వేస్తారు. బల్ల వెనక హేమ అనే అమ్మాయి కూర్చుంటుంది. బ్యాంకు ఉద్యోగి కాదు. బ్యాంకు తరఫున కార్డులు ఇప్పించే ఏజెంటు. రోజుకి ఆరు దరఖాస్తులు తీసుకెళ్లాలి. తీసుకెళ్లకపోతే సాయంత్రం ఏజెంట్ల గ్రూపులో ఆమె పేరు ఎర్ర రంగులో వస్తుంది.

"ఏవయ్యా గిరీష్, ఇంకా ఏటీఎం కార్డేనా? అది పట్టుకుని తిరిగితే పిల్లనెవరిస్తారు?" అన్నాడు ఫణికుమార్, చెయ్యి కడుక్కుని వస్తూ. వెనకవాళ్లు నవ్వారు. గిరీష్ కూడా నవ్వి బల్ల దగ్గర ఆగాడు.

అతను తొందరపడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కరపత్రాలన్నీ గదికి తీసుకెళ్లి, తెల్ల కాగితం మీద మూడు నిలువు గళ్లు గీశాడు. ఒకటి, జీతం పడే బ్యాంకు ఇచ్చే కార్డు. ఏడాది రుసుము లేదు, ముప్పై వేల పరిమితి. రెండు, ఇరవై వేలు డిపాజిట్ చేస్తే దాని మీద ఇచ్చేది. బ్యాంకులో కౌంటరు దగ్గరి పెద్దావిడ దాని గురించి చెప్పింది. "మొదటి కార్డు చిన్నదే తీసుకో బాబూ. కొన్నదంతా నెల తిరక్కుండా కట్టెయ్. ఏడాది పోతే వాళ్లే నీ వెంట పడి పెద్దవి ఇస్తారు" అంది. మూడోదాన్ని నేను. ఏడాదికి పదిహేను వందలు, పైన పన్ను. పెట్రోలు మీద తగ్గింపు, అతనికి బండి లేదు. హోటళ్ల మీద తగ్గింపు, అతను మెస్సులో తింటాడు. మూడు నెలలకి రెండుసార్లు విమానాశ్రయం లాంజ్ ఉచితం. అతను విమానం ఎక్కలేదు.

గళ్లలో మార్కులు వేసి కూడాడు. మొదటిదానికి ఎనిమిది వచ్చాయి. రెండోదానికి ఏడు. నాకు మూడు.

మర్నాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని బల్ల దగ్గరకి వెళ్లాడు. మొదటి కార్డే తీసుకుందామని వెళ్లాడు. నా కరపత్రం మీద ఒక ఫొటో ఉంది. సోఫా, సోఫా ముందు బల్ల, బల్ల మీద పళ్లెం, పళ్లెం వెనక అద్దం, అద్దంలో విమానం. సోఫాలో ఒక పెద్దాయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"లాంజ్ అంటే ఏంటండీ?" అని అడిగాడు గిరీష్.

"ఎయిర్‌పోర్టులో కూర్చునే హాలు సర్. తిన్నంత తినొచ్చు. కార్డు గీస్తే రెండు రూపాయలు కట్టవుతాయి, అంతే."

"అన్నం కూడానా?"

"అన్నీ సర్. తిన్న పళ్లేలు వాళ్లే తీస్తారు."

"మా నాన్నని తీసుకెళ్లొచ్చా?" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఆయన ఎప్పుడూ ఒకరు పెడితే కూర్చుని తినలేదండీ" అన్నాడు.

హేమ అతని వైపు చూసింది. ఆ రోజు ఆమె దగ్గర ఐదు దరఖాస్తులు ఉన్నాయి. ఆరోది లేదు. "రెండున్నాయి కదా సర్. మీకొకటి, నాన్నగారికొకటి" అంది.

ఆమెకి నిజం తెలిసి అన్నదో, తెలియక అన్నదో నేను చెప్పలేను. గిరీష్‌కి మాత్రం తెలుసుకునే వీలుంది. నా షరతులు పద్నాలుగు పేజీలు. పదకొండో పేజీలో ఉంది, ఆ రెండూ కార్డు మీద పేరున్న మనిషికే అని, వేరొకరికి చెల్లవని. మాత్రల డబ్బాలో మడిచి పెట్టే కాగితాన్ని భూతద్దంతో చదివే మనిషి, ఆమె పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన మూడు చోట్ల సంతకాలు పెట్టి ఇచ్చాడు.

నేను ఫ్యాక్టరీ గేటు దగ్గరకి కవరులో వచ్చాను. ఫణికుమార్ నన్ను తీసుకుని తిరగేసి చూశాడు. "నలుపే! పరవాలేదు. నాన్నగారు బిజినెస్ పని మీద తిరుగుతుంటారుగా, ఆయనక్కూడా పనికొస్తుంది" అన్నాడు. గిరీష్ నన్ను వెనక్కి తీసుకుని, చొక్కా జేబులో పెట్టి, పైన చెయ్యి వేసి చూసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. చెప్పేశానుగా, నా వాటా నాకుందని.

మూడు నెలలకి అవకాశం వచ్చింది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసి బెంగళూరులో స్థిరపడిన ఒక కుటుంబం, మనవడి అన్నప్రాశనకి లోవరాజే వండాలని పట్టుబట్టింది. ఆయనకి విమానం టిక్కెట్టు పంపింది. గిరీష్ తోడుగా వెళ్లడానికి తన టిక్కెట్టు నా మీద కొన్నాడు, రెండు రోజులు సెలవు పెట్టాడు.

"విమానం ఎక్కే ముందు అక్కడ టిఫిను చేద్దాం నాన్నా. నా కార్డు మీద. నువ్వు కూర్చోవడమే" అన్నాడు.

"ఏటేటి పెడతారు?" అన్నాడు లోవరాజు.

"అన్నీ."

"అన్నీ అంటే? వంటవాణ్ణి పట్టుకుని అన్నీ అంటే సరిపోదురా."

"నువ్వే చూద్దువుగాని."

లోవరాజు ఆ మాట మీద నమ్మకం ఉంచాడు. ముందు రాత్రి ఒక అరటిపండుతో సరిపెట్టాడు. పొద్దున్న టీ కూడా మానేశాడు. భార్య ఉప్మా చేస్తానంటే, "వద్దే. ఆడు పెడతానన్నాడు. కడుపు ఖాళీగా ఉండాలి" అన్నాడు. తెల్ల పంచె కట్టాడు. భుజం మీద తువ్వాలు వేశాడు. తువ్వాలెందుకు నాన్నా అన్నాడు గిరీష్. "తువ్వాలు లేకపోతే చెయ్యి ఎక్కడ తుడుసుకుంటాన్రా? నీ పేంటుకా?" అన్నాడాయన.

విమానాశ్రయం తనిఖీలో ఆయన సంచి తెరిపించారు. డబ్బా ఒకటి బయటపడింది. భద్రతా సిబ్బంది మనిషి మూత తీసి, మొహం వెనక్కి పెట్టి, "యే క్యా హై?" అన్నాడు. "ఇంగువ బాబూ. ఆ ఊళ్లో ఇంగువ నేను నమ్మను" అన్నాడు లోవరాజు తెలుగులోనే. ఆ మనిషికి ఏం అర్థమైందో గాని మూత గట్టిగా బిగించి ఇచ్చాడు.

లాంజ్ మెట్ల పైన ఉంది. గుమ్మం దగ్గర బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి, ముందు నలుగురు మనుషుల వరుస. వరుసకి పది అడుగుల దూరంలో గిరీష్ ఆగిపోయాడు. వెనక మెట్ల మీద నుంచి ఫణికుమార్ వస్తున్నాడు. పక్కన ఫ్యాక్టరీ వైస్ ప్రెసిడెంటు. ఢిల్లీలో ఏదో తనిఖీకి వెళ్తున్నారు. వాళ్లింకా గిరీష్‌ని చూడలేదు.

నేను అతని చేతిలో ఉన్నాను.

"నాన్నా, నువ్వు ముందు వెళ్లు. ఇది ఇచ్చి గీయించుకో. విమానం కాగితం కూడా చూపించు. నేను వెనకాల వస్తాను" అన్నాడు.

"నువ్వు రావేటి?"

"వస్తాను నాన్నా. ఒక్క నిమిషం. నువ్వెళ్లు."

లోవరాజు నన్ను రెండు వేళ్లతో అంచులు పట్టుకుని తీసుకెళ్లాడు. గిరీష్ స్తంభం పక్కకి జరిగి ఫోను తీశాడు. ఫోను వెలగలేదు. అతను దాన్ని వెలిగించలేదు.

"అరే, గిరీష్! నువ్వేంటిక్కడ?" అన్నాడు ఫణికుమార్. వైస్ ప్రెసిడెంటుకి పరిచయం చేశాడు. "మన క్యూసీ ల్యాబు కుర్రాడు సర్. వాళ్లది కేటరింగ్ బిజినెస్." వైస్ ప్రెసిడెంటు చెయ్యి కలిపాడు. గిరీష్ చెయ్యి కలిపాడు.

బల్ల దగ్గర అమ్మాయి నన్ను తీసుకుంది. విమానం కాగితం తీసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఈ కార్డు ఎవరిది సర్?"

"మాదేనమ్మా."

"మీ పేరు లోవరాజు కదా. దీని మీద గిరీష్ అని ఉంది. కార్డు ఎవరిదో వాళ్లే రావాలి సర్. ఆయనొచ్చారా?"

లోవరాజు వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన చూసింది నేనూ చూశాను. కొడుకు, కొడుకు పక్కన టై కట్టుకున్న మనిషి, ఆ మనిషి పక్కన ఇంకొకాయన. కొడుకు కళ్లు ఫోను మీద ఉన్నాయి. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో వండినవాడికి కొన్ని సంగతులు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరు ఎవర్ని చూడనట్టు నటిస్తున్నారో వంటపాకలోకి ముందు తెలుస్తుంది.

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "దొరికింది తల్లీ. ఆ కుర్చీల కింద పడుంటే తీసేను."

"దొరికితే ఇక్కడ అప్పజెప్పాలి కదా సర్. మాదేనన్నారు ఇందాక."

"తప్పేనమ్మా. ఆకలేసింది."

వెనక్కి తిరిగి చూశాక ఆయన ఆమెతో చెప్పిన మాటల్లో ఆ ఒక్కటే నిజం.

వరుసలో ఉన్నవాళ్లు ఆయన వైపు తిరిగారు. ఒకామె తన హ్యాండ్ బ్యాగుని రెండో భుజానికి మార్చుకుంది. బల్ల అమ్మాయి లేచి నిలబడి, "బండ్ల గిరీష్ గారు ఉన్నారా ఇక్కడ?" అని పిలిచింది.

"గిరీష్, నీ పేరే!" అన్నాడు ఫణికుమార్. "కార్డు పడేసుకున్నావా?"

గిరీష్ పది అడుగులు నడిచాడు. వెనకే ఫణికుమార్ వచ్చాడు. బల్ల అమ్మాయి గిరీష్ విమానం కాగితం అడిగి తీసుకుంది. తండ్రి కాగితం పక్కన పెట్టింది. రెండింటి మీదా బండ్ల అనే ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. గిరీష్ మొహం చూసింది, లోవరాజు మొహం చూసింది. వాళ్లిద్దరి చెవులు ఒక్కలా ఉంటాయి. ఆమెకి తెలిసింది. అయినా అడిగింది, ఒక్కో మాటా ఆపి:

"ఈయనకి మీ కార్డు దొరికిందట సర్. కంప్లైంటు ఏమైనా ఇస్తారా?"

ఆమె అతనికి అవకాశం ఇచ్చింది. అది నేను చూశాను.

"వద్దండీ. పెద్దాయన. వదిలేయండి" అన్నాడు గిరీష్. నన్ను తీసుకున్నాడు. తండ్రి వైపు తిరిగి, చొక్కా గుండీ వరకే చూసి, "థాంక్సండీ" అన్నాడు.

"పర్లేదు బాబూ. జాగ్రత్తగా పెట్టుకోండి" అన్నాడు లోవరాజు. కొడుకుని ఆయన మీరు అనడం అదే మొదటిసారి. తువ్వాలు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఈ మధ్య లాంజుల్లోకి ఎవరు పడితే వాళ్లు వచ్చేస్తున్నారు" అన్నాడు వైస్ ప్రెసిడెంటు.

బల్ల అమ్మాయి నన్ను గీసింది. రెండు రూపాయలు.

గిరీష్ లోపలికి వెళ్లాడు, వాళ్లిద్దరితో పాటు కూర్చున్నాడు. తినలేకపోయాడని చెప్పి అతన్ని కాపాడాలని నాకుంది. కానీ తిన్నాడు. రెండు ఇడ్లీలు, ఒక గారె. ఫణికుమార్ ఏదో అంటే నవ్వాడు కూడా. ఇంకొక గారెని కాగితపు రుమాల్లో చుట్టి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. బయటికి ఏదీ తీసుకెళ్లకూడదని గోడ మీద రాసి ఉంది.

లోవరాజు నాలుగో గేటు దగ్గర, మంచినీళ్ల కుళాయి పక్క వరుసలో కూర్చుని ఉన్నాడు. గిరీష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రుమాలు పొట్లం ఇచ్చాడు.

"ఏటి పెట్టారురా?" అన్నాడు తండ్రి.

"ఇడ్లీ. గారెలు."

"కరకరలాడిందా గారె?"

"లేదు."

లోవరాజు పొట్లం విప్పాడు. గారె తుంచి, వాసన చూశాడు. "పిండి నిన్నటిది. నూనె కాగకుండా ఏసేరు" అన్నాడు. అయినా మొత్తం తిన్నాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"నాన్నా, నేను వెళ్లి వాళ్లకి చెప్పేస్తాను."

"ఏటని?"

"నువ్వు మా నాన్నవని."

"ఇప్పుడా? ఇప్పుడు చెప్తే నువ్వు ఇందాకట అబద్ధమాడినోడివవుతావు. నేను దొంగనైతే పోయేదేటి? ఆళ్లు నన్ను మళ్లీ చూడరు. నువ్వు రేపు ఆళ్ల కింద పని చెయ్యాలి. కూకో."

గిరీష్ కూర్చున్నాడు. తండ్రి వద్దన్నాడు కాబట్టి కూర్చున్నాడని ఎవరైనా అనుకోవచ్చు. నేను అతని చొక్కా జేబులో, గుండె మీద ఉన్నాను. అది నెమ్మదించింది. నాకు తెలుసు, అది ఊరట.

విమానంలో తండ్రి కిటికీ పక్కన కూర్చున్నాడు. బెంగళూరులో అన్నప్రాశన బాగా జరిగింది. అరవై మంది తిన్నారు. వంట బాగుందని లోపలికొచ్చి మరీ చెప్పారు. లోవరాజు నిలబడి తిన్నాడు.

తరువాతి గురువారం ఫణికుమార్ క్యాంటీనులో ఆ కథ చెప్పాడు. బల్ల చుట్టూ పదకొండు మంది ఉన్నారు. ఫణికుమార్ చెడ్డవాడు కాదు. కథ చెప్పడం వచ్చినవాడు.

"పంచె కట్టుకుని ఒక ముసలాయన. చేతిలో మనవాడి నల్ల కార్డు! దర్జాగా వెళ్లి ఇచ్చాడు. అమ్మాయి అడిగితే మాదే అన్నాడు. గట్టిగా అడిగితే దొరికిందన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే ఆకలేసిందట! యాక్టింగ్ చూడాలి మీరు." తువ్వాలు భుజం మీద వేసుకున్నట్టు చెయ్యి తిప్పి చూపించాడు. అందరూ నవ్వారు. "మన గిరీష్ దేవుడు. కంప్లైంటు కూడా వద్దన్నాడు."

గిరీష్ కంచం పక్కకి పెట్టాడు.

"ఆయన మా నాన్న సర్."

"ఎవరు?"

"ఆ పంచె కట్టుకున్నాయన. కార్డు నేనే ఇచ్చి పంపించాను. వెనకాల మీరొస్తుంటే చూసి ఊరుకున్నాను."

ఎవరో గ్లాసు కింద పెట్టారు.

"మరి కేటరింగ్ బిజినెస్..." అన్నాడు ఫణికుమార్.

"మీరన్నారు సర్ బిజినెస్ అని. ఆయన వంట మేస్త్రి. పొయ్యి దగ్గర నిలబడి వండుతారు."

"అప్పుడే చెప్పొచ్చుగా గిరీష్? మేం ఏమనుకుంటాం?"

"చెప్పొచ్చు సర్" అన్నాడు గిరీష్.

ఆ మధ్యాహ్నం ఫణికుమార్ ల్యాబులోకి వచ్చి, "మీ నాన్నగారికి నా తరఫున..." అని ఆగాడు. ఆయన కాసేపు తూకం మిషను వైపు చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం గిరీష్ నా వెనక ఉన్న నంబరుకి ఫోను చేశాడు. కార్డు ఎందుకు వద్దనుకుంటున్నారని అవతలి అమ్మాయి అడిగింది. రుసుము మాఫీ చేస్తామంది. పరిమితి లక్షకి పెంచుతామంది. అతను వద్దన్నాడు. కారణం ఏదో ఒకటి రాయాలి సర్ అంది. "ఇది తీసుకోవాల్సిన మనిషిని కాదండీ నేను" అన్నాడు. ఆ కారణం ఆమె జాబితాలో లేదు. 'ఇతరములు' అని నొక్కి, కార్డుని ముక్కలుగా కోసేయండి సర్ అంది.

ఆదివారం అనకాపల్లి వెళ్లాడు. లోవరాజు పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు. ఆ సాయంత్రం రెండొందల మందికి వంట ఉంది. గిరీష్ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"క్యాంటీన్లో చెప్పేశాను నాన్నా."

"ఏటి?"

"ఆవేళ వచ్చింది నువ్వేనని. తప్పు నాదేనని."

వంకాయ నాలుగు పక్షాలై నీళ్లలో పడింది.

"ఎంతమందున్నారు?"

"పదకొండు."

"నవ్వేరేటి?"

"ముందు నవ్వారు. తరువాత లేదు."

లోవరాజు ఇంకో రెండు వంకాయలు తరిగాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"దొరికింది అన్నాను గాని, నువ్వొచ్చి కాదంటావనుకున్నాన్రా. మా నాన్న, నేనే ఇచ్చేను అంటావని. ఆ బల్ల కాడి గుంట కూడా నీకేసి అందుకే చూసింది."

గిరీష్‌కి అనడానికి ఉన్న మాటలన్నీ ఆ రోజు, ఆ బల్ల దగ్గర అనవలసినవి. అతను నన్ను జేబులోంచి తీసి, "కత్తెర ఎక్కడుంది నాన్నా, దీన్ని కొయ్యాలి" అన్నాడు.

"కత్తెరెందుకు? ఇలాగియ్యి."

ఆయన నన్ను అంచులు పట్టుకుని కత్తిపీటకి ఆనించాడు. ఒకసారి చిప్పు మధ్య నుంచి, ఒకసారి అడ్డంగా. చేతికి వంకాయ కన్నా కష్టం కాలేదు. నా ముక్కల్ని వంకాయ తొడాల బుట్టలో వేశాడు.

"సాయంత్రం వడ్డనకి ఒకడు తగ్గేడు. ఒస్తావా?" అన్నాడు.

"వస్తాను."

బుట్టని దొడ్డి గుమ్మం బయట కుప్ప మీద బోర్లించారు. ఇప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక ఆవు వచ్చి తొడాలన్నీ తింది, నన్ను మూతితో పక్కకి తోసింది. నా ముఖాన ఇంకా ఐదేళ్లు చెల్లుతానని రాసి ఉంది. నాలుగు నెలలు చెల్లాను.

మూడు గంటలకి సందులోకి ట్రాలీ ఆటో వచ్చింది. గుండిగలు, గరిటెలు, పొయ్యిలు ఎక్కించడం నాకు వినిపించింది. ఆటో డ్రైవరు కొత్తవాడు కాబోలు, "ఈ బాబెవరు మేస్త్రీ? చూస్తే ఆఫీసరులా ఉన్నాడు, సాంబారు బకెట్టు మోస్తన్నాడేటి?" అన్నాడు.

లోవరాజు ఎక్కిస్తున్న గరిటెల చప్పుడు ఆగింది.

"ఆయన కొడుకునండీ" అన్నాడు గిరీష్.

ఆ మాట బయటికి రావడానికి పట్టిన సమయం నేను కొలిచాను. ఒక్క క్షణం. ఆటో సందు తిరిగి వెళ్లిపోయాక కూడా నేను ఆ క్షణాన్నే కొలుస్తూ ఉన్నాను.